కదలని గుట్ట, కదలెడి నేల



ప్లాటినం జూబిలీ సభలో నిలబడి, "ఈ పాఠశాల కట్టిన చోటనే ఉన్నదా?" అని అడిగితే మీరు నవ్వవచ్చును. కాని భారత ఫలకము ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యముగా జరుగుచున్నది. ఆ లెక్కన ఈ 75 సంవత్సరాలలో మన పాఠశాల, మంగళవాడ, పావగడ కొండ అన్నీ కలిసి దాదాపు నాలుగు మీటర్లు ప్రయాణించినవి. అందరమూ ఒకే పడవలో ఉన్నందున ఆ కదలిక మనకు తెలియలేదు.

భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది అనేక ఫలకాలుగా విడివడి, లోపలి వేడి కారణముగా మెల్లగా కదలుచుండును. ఖండాలు కదలుచున్నవని 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెప్పినపుడు నమ్మినవారు తక్కువ. 1960 దశకములో సముద్రగర్భ పరిశోధనల వలననే ఈ సిద్ధాంతము స్థిరపడినది. ఫలకాలు విడిపోయిన చోట సముద్రాలు, ఢీకొన్న చోట పర్వతాలు ఏర్పడును. మన భూభాగము ఒకప్పుడు గోండ్వానా మహాఖండములో ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి ఉండెడిది. అది విడివడి ఉత్తరముగా సాగి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రిందట ఆసియాను ఢీకొనగా హిమాలయాలు లేచినవి.

ఎత్తులో హిమాలయాలు మిన్న. వయసులో మన గుట్టలే పెద్దలు. మన ప్రాంతపు గుట్టలలోని గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దీనిని శాస్త్రజ్ఞులు క్లోజ్‌పేట గ్రానైట్ అందురు. క్లోజ్‌పేట అనునది రామనగరానికి పూర్వనామము. ఈ శిలాపట్టీ దక్షిణము నుండి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగినది. ప్రాచీన ఫలకాలు ఢీకొన్నందున ఈ శిల పుట్టినదని కొందరు, భూగర్భము నుండి ఉబికిన వేడి వలన పుట్టినదని కొందరు చెప్పుదురు. ఏ విధముగా పుట్టినను, కరిగిన శిలాద్రవము నేలలోతున మెల్లగా చల్లారి గట్టిపడినదన్నది నిశ్చయము.

మరి అది పైకెట్లు వచ్చినది? కోట్లాది సంవత్సరాలు ఎండ, వాన, గాలి పైనున్న రాళ్ళను అరగదీసినవి. బరువు తగ్గగానే గ్రానైట్ ఉల్లిపొరల వలె విచ్చుకొని, నెర్రెలు బారి, గుండ్లుగా మిగిలినది. నాగలమడిక వద్ద ఉత్తర పినాకినిలోని ఇసుక ఇటువంటి అరుగుదల ఫలమే.

ఈ కథ మన కడవలోని నీటికి కూడా సంబంధించినది. గ్రానైట్ నీటిని పీల్చుకొనదు. పైనున్న శిథిలమైన పొరలోను, లోపలి నెర్రెలలోను మాత్రమే నీరు నిలుచును. ఆ రాతిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ కలదు. నెర్రెలలో చాలకాలము నిలిచిన నీటిలో అది ఫ్లోరైడుగా కరుగును. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు త్రాగునీటికి తగదని మన దేశపు ప్రమాణము. పావగడ తాలూకాలోని అనేక బోరుబావులలో అది ఆ హద్దును దాటినది. పిల్లల పళ్ళపై గారకు, పెద్దల ఎముకల బాధకు అదియే కారణము.

అందుచేత బోరు ఇంకా లోతుకు దింపుట ఒక్కటే మార్గము కాదు. చెరువు నిండిన ఏట క్రొత్త నీరు ఇంకి, బావిలోని ఫ్లోరైడు పలుచబడును. రాతినేల స్వభావము ఎరిగియే మన పెద్దలు వంక వంకకు కట్ట వేసిరి. తల్లిదండ్రులకు నా విన్నపము రెండు మాటలు: త్రాగే బోరునీటిని పరీక్ష చేయించండి, ఊరి చెరువు పూడిక తీయించండి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట: భూగోళ పాఠమునకు పిల్లలను ఒకసారి గుట్ట వద్దకు తీసికొని వెళ్ళండి. 250 కోట్ల ఏండ్ల పాఠ్యపుస్తకము అక్కడ తెరచియే ఉన్నది.