పేరు దాచుకున్న బిడ్డలు



పండక్కి అటకమీది ట్రంకుపెట్టె దించి దులుపుతుంటే పాత ఉత్తరాలు బయటపడతాయి. ఉంచుదామా, పారేద్దామా అని కాసేపు ఆలోచిస్తాం. నలుగురికీ తెలియకూడదనుకున్నవే ముందుగా పొయ్యిలోకి పోతాయి. ఇంటి చరిత్రలో సగం అలా మాయమవుతుంది. ఒక జాతి చరిత్ర కూడా అంతే.

న్యూయార్కు నగరంలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేట హార్లెం. అక్కడ 135వ వీధిలో ఒక గ్రంథాలయం ఉంది. ఆర్టురో షాంబర్గ్ అనే ఆయన బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ తన జాతివారి పుస్తకాలు, చేతివ్రాతలు, బొమ్మలు ఏళ్ళ తరబడి పోగుచేశాడు. 1926లో కార్నెగీ సంస్థ ఇచ్చిన 10 వేల డాలర్లతో గ్రంథాలయం వాటిని కొన్నది. ఇప్పుడది ఆయన పేరుతోనే షాంబర్గ్ కేంద్రంగా నడుస్తోంది.

ఆ 1926లోనే హార్లెంలోని యువ రచయితలు కలిసి 'ఫైర్' అనే పత్రిక తెచ్చారు. ఫైర్ అంటే నిప్పు. అందులో రిచర్డ్ బ్రూస్ నూజెంట్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రవాడు, మగవాడికి మగవాడిమీద కలిగిన ప్రేమను గురించి దాపరికం లేకుండా కథ వ్రాశాడు. కాని కథ కింద ఇంటిపేరు వెయ్యలేదు. 'రిచర్డ్ బ్రూస్' అని ఊరుకున్నాడు. ఎందుకంటారా? ఇంట్లోవాళ్ళకు తలవంపులు కాకూడదని! లోకానికి జంకకుండా కథ వ్రాసినవాడు కన్నవాళ్ళకు జంకాడు, చూశారా? ఆ పత్రిక ఒక్క సంచికతోనే ఆగిపోయింది. అమ్ముడుపోని ప్రతులు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. అయినా మిగిలిన కొద్ది ప్రతులను దాచినవాళ్ళు ఉండబట్టే ఇవాళ ఈ మాట చెప్పుకోగలుగుతున్నాం.

ఆ పేటలోనే 1924లో జేమ్స్ బాల్డ్విన్ పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు. ఒక చేత్తో పసిబిడ్డను ఎత్తుకుని, రెండో చేత్తో పుస్తకం పట్టుకునేవాడట. ఇంట్లో పెద్దపిల్లలు ఎలా పెరుగుతారో మనకు వేరే చెప్పాలా? 135వ వీధి గ్రంథాలయమే అతని బడి. పదహారేళ్ళ వయసులో బ్యూఫోర్డ్ డెలానీ అనే నల్లజాతి చిత్రకారుడి దగ్గరకు చేరాడు. ఓ రోజు వీధిలో నిలిచిన మురికినీళ్ళు చూపించి, అందులో ఏం కనబడుతోందని అడిగాడు డెలానీ. నీళ్ళే అన్నాడు కుర్రవాడు. మళ్ళీ చూడమన్నాడు. అప్పుడు కనబడ్డాయి, నీటిమీది నూనె తెట్టులో మెరుస్తున్న మేడలు!

ఈ గురుశిష్యులిద్దరూ స్వలింగ ప్రేమికులే. ఊళ్ళో రంగును బట్టి చిన్నచూపు, సొంతవాళ్ళ మధ్య ఈ సంగతికి చిన్నచూపు. రెండు బరువులూ మోశారు. బాల్డ్విన్ 1956లో ఇటువంటి ప్రేమను గురించే నవల వెలువరించాడు. అంతకుముందు అతని పుస్తకం వేసిన ప్రచురణకర్తలే దాన్ని వద్దన్నారు. వేరేవారు వేశారు. డెలానీ 1979లో పారిస్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. సమాధిమీద పేరు చెక్కిన రాయి పెట్టడానికి 2010 దాకా పట్టింది.

బాల్డ్విన్ కాగితాలు 2017లో షాంబర్గ్ కేంద్రానికి చేరాయి. 2024లో ఆయన నూరేళ్ళ సందర్భంగా అక్కడే వాటితో ప్రదర్శన పెట్టారు. అతను చదువుకున్న చోటే అతని చేతివ్రాత అద్దాల పెట్టెలోకి ఎక్కింది. ఎవరికీ చెప్పుకోలేని సంగతి మనసులో పెట్టుకు తిరిగే కుర్రవాడు ఎవడైనా దాని ముందు నిలబడితే, నాలాంటివాడు ఇంతకు ముందే ఒకడున్నాడన్నమాట, అనుకోడూ?

మన దేశంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఇటువంటి ప్రేమ నేరం కాదని తీర్పు చెప్పింది. కోర్టు చెప్పింది సరే, వంటింట్లో మనం ఏం చెబుతున్నాం? "మన ఇళ్ళల్లో అలాంటివాళ్ళు లేరమ్మా" అంటాం. లేరో, మన మొహం చూసి పేరు దాచుకున్నారో ఎలా తెలుస్తుంది? సినిమాలో ఎవరినో చూసి మనం నవ్వే నవ్వు పక్కగదిలోని బిడ్డకు వినబడుతుంది. ఆ నవ్వు విన్నాక ఇక నోరు విప్పుతాడా?

అందుకని ఒక్క మనవి. అబ్బాయిగాని, అమ్మాయిగాని "అమ్మా, నీకో సంగతి చెప్పాలి" అని గుమ్మం దగ్గర నిలబడితే, పొయ్యిమీద పాలు పొంగిపోయినా సరే, స్టవ్ ఆపి కూర్చోండి. మనకు అన్నీ అర్థం కానక్కరలేదు. ముందు చివరిదాకా విందాం.