వయ్యారిభామయు టి-కణములును

తిరుపతినుండి చిత్తూరునకు పోవు త్రోవలో, వానలు పడిన కొన్ని వారములకే, బీళ్లనిండ తెల్లని చిన్నపూలు విరియును. అది వయ్యారిభామ. అమెరికా ఖండపు మొక్క. 1950ల నడుమ పూణేలో గుర్తించిన పిదప దేశమంతట అల్లుకొన్నది. పేరు పెట్టిన రసికు డెవ్వరో గాని, వేరుసెనగ చేలలో కలుపు తీయు కూలివారిని ఇంతగా బాధించు మొక్కను మే మెరుగము.

చేతులు, మెడ, కనురెప్పలు ఎఱ్ఱబడి, పొక్కి, దురదపెట్టును. అంటువ్యాధి యని అట్టివారిని దూరముంచుట అన్యాయము. ఇది ఒకరినుండి వేరొకరికి సోకదు. మొక్కలోని పార్థెనిన్ చర్మపు మాంసకృత్తులతో కలియగా, తెల్ల రక్తకణములలో ఒక జాతియైన టి-కణములు దానిని శత్రువుగా గుర్తుంచుకొనును. మరల తాకిన ఒకటి రెండు దినములలో ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సంకేతద్రవ్యములను విడిచి వాపు తెచ్చును.

పుప్పొడి పీల్చి తుమ్ములు, ఆయాసము పడువారి సంగతి వేరు. అచ్చట టి-కణములు పంపు ఇంటర్‌ల్యూకిన్-4 వలన ఐజిఇ అను ప్రతిరక్షకము తయారగును. ఇంటర్‌ల్యూకిన్-5 ఇయోసినోఫిల్ కణములను పెంచును.

ఉసిగొల్పు సంకేతము లున్నట్లే శాంతింపజేయునవియు గలవు. ఇంటర్‌ల్యూకిన్-10 వంటి వానితో తోడి కణములను అదుపులో నుంచు నియంత్రక టి-కణములను 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి వివరించెను. 2025లో ఆయనకును మరి యిద్దరికిని నోబెల్ బహుమతి లభించినది. ఈ యదుపు సడలినచోట అలర్జీ చెలరేగును.

గడ్డిని పూతకు ముందే, నిండుచేతుల రవిక తొడిగి, చేతులకు తొడుగులు వేసికొని పెరుకవలెను. పొక్కులు లేచినచో పసరులతో కాలము గడపక చర్మవైద్యుని చూడవలెను. తిరుపతి రుయా ఆసుపత్రిలో అట్టి వైద్యు లున్నారు.