ఆదివారం మ్యూజియానికి పోదాం, అవ్వను కూడా తీసుకుపోదాం

(ఆదివాసీ విద్యార్థుల కూడికలో మాట్లాడిన మాటలు. చదివేవాళ్ల కోసం కొద్దిగా సరిచేసి పెడుతున్నాను.)



ఈరోజు ధర్నా గురించి మాట్లాడను, వినతిపత్రం గురించీ మాట్లాడను. మీ ఆదివారం గురించి మాట్లాడతాను. హాస్టల్‌లో ఉంటే బట్టలు ఉతకడం, ఫోన్ చూడటం, సాయంత్రం వాలీబాల్. ఊర్లో ఉంటే చేను పని, లేకపోతే సంత. నెలకు ఒక్క ఆదివారం నాకివ్వండి. ఆ రోజు మనకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న మ్యూజియం చూసి రండి.

"మన ఇంట్లో ఉన్న రోకలిని అద్దాల పెట్టెలో చూడటానికి టికెట్ కొనాలా?" అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. దానికి నా జవాబు ఒక్కటే. మనం అక్కడికి పోకపోయినా, మన గురించి తెలుసుకోవడానికి అక్కడికి పోయేవాళ్లు వేలమంది ఉన్నారు. అరకు పోయే టూరిస్టు మన ఊర్లోకి రాడు, మ్యూజియంలోకి వస్తాడు. శ్రీశైలం పోయే భక్తుడు చెంచు పెంటకు పోడు, దారిలో ఉన్న చెంచులక్ష్మి మ్యూజియంలో ఒక చుట్టు చుట్టి, తేనె సీసా కొనుక్కుని పోతాడు. మనమంటే ఎవరో అక్కడి బొమ్మలే వాళ్లకు చెబుతాయి. మన తరఫున ఏం మాట్లాడుతున్నారో మనం వినొద్దా?

ఎక్కడికి పోవాలో చెబుతాను. ఆసిఫాబాద్ వైపువాళ్లు జోడేఘాట్ నుంచి మొదలుపెట్టండి. కెరమెరి మండలంలో కొండల మధ్య ఊరు. నిజాం అటవీ, రెవెన్యూ అధికారుల మీద పోరాడి కుమ్రం భీం 1940లో అమరుడైంది అక్కడే. ఇప్పుడు అక్కడ స్మారకం ఉంది, గిరిజన మ్యూజియం ఉంది. ఆశ్వయుజ పౌర్ణమికి వర్ధంతి జరిగినప్పుడు అందరం పోతాం. కానీ ఆ రోజు మైకులు, మంత్రులు, జనం. ఏదీ నిలబడి చూడలేం. అందుకే ఉత్త ఆదివారం పోండి. మెల్లగా చూడండి.

జోడేఘాట్ చూశాక అక్కడితో ఆగకండి. జైనూర్ మండలంలో మార్లవాయి ఉంది. భీం తిరుగుబాటు తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడిని పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్యనే ఉన్నారు. గోండి భాషలో చదువు చెప్పే బడులు అప్పుడే మొదలయ్యాయి. ఇద్దరి సమాధులూ ఇప్పుడు ఆ ఊర్లోనే ఉన్నాయి. గుస్సాడీ కనకరాజు తాతది కూడా మార్లవాయే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో మనల్ని విడిచిపోయాడు. టికెట్ లేదు, అద్దాల పెట్టె లేదు. నన్నడిగితే ఆ ఊరే ఒక మ్యూజియం.

ఇంకో సంగతి. హైమన్‌డార్ఫ్ తీసిన వేల ఫొటోలు, సినిమా రీళ్లు లండన్‌లో, సోయాస్ అనే విద్యాసంస్థ దగ్గర ఉన్నాయి. మన తాతల ముఖాలు, ముత్తవ్వల నగలు, అప్పటి దండారీ ఆట, అన్నీ అక్కడ భద్రం. మన ఊర్లో మాత్రం ఏ ఇంట్లోనూ ఆ కాలం ఫొటో ఒక్కటి ఉండదు.

అల్లూరి జిల్లావాళ్లకు అరకు మ్యూజియం ఉంది. 1996లో పెట్టారు. మట్టి గోడల ఇండ్లలాగా కట్టి, లోపల వంట, వేట, పెళ్లి, థింసా ఆట, అన్నీ బొమ్మలుగా నిలబెట్టారు. ములుగువాళ్లకు మేడారం మ్యూజియం, భద్రాచలం వైపువాళ్లకు ఐటీడీఏ మ్యూజియం. హైదరాబాద్‌లో చదువుకునేవాళ్లకు మాసబ్ ట్యాంక్ దగ్గర సంక్షేమ భవన్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది. పక్కనుంచి రోజూ సిటీ బస్సులో పోతూ కూడా లోపలికి అడుగుపెట్టనివాళ్లు మనలోనే బోలెడుమంది. బయల్దేరే ముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి, అంతే.

పోయినంక ఏం చూడాలి? ముందు వస్తువును కాదు, దాని కింద అతికించిన చీటీని చూడండి. అసలు కథ ఆ చీటీలోనే ఉంటుంది.

"వాద్యం" అని రాసి ఉందనుకోండి. ఏ వాద్యం? కిక్రి అయితే దాన్ని ప్రధాన్‌లు, తోటీలు వాయిస్తారు. గోండుల పుట్టుక, గోత్రాలు, వీరుల కథలు దాని మీదే పాడతారు. పుస్తకం లేని కాలంలో అదే మన పుస్తకం. దాన్ని ఉత్త "తీగ వాద్యం" అని రాస్తే, ఒక గ్రంథాలయం ముందు "కాగితాలు" అని బోర్డు పెట్టినట్టే.

"బొమ్మల గుడ్డ" అని రాసి ఉందనుకోండి. కోయ డోలీలు పట్టుకునే పడిగె అయితే అది అలంకారపు గుడ్డ కాదు. అందులో గట్టు ఉంది, గోత్రం ఉంది, వేల్పు చరిత్ర ఉంది. దాన్ని చూస్తూ డోలీలు రాత్రంతా కథ చెబుతారు. సవర గోడ బొమ్మ కూడా అట్లాంటిదే. పెద్దలకు, దేవతలకు మొక్కి వేసే బొమ్మ అది. ఇంటి అందం కోసం వేసింది కాదు.

తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ వస్తువు ఏ ఊరిది? ఎవరు చేశారు? మన భాషలో దీని పేరేంటి? ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా, లేదా? చాలా చీటీల్లో ఈ నాలుగింటికీ జవాబుండదు. రాజుగారి కత్తికి రాజు పేరు ఉంటుంది. మన విల్లుకు మాత్రం "గిరిజనుల విల్లు" అని ఉంటుంది. చేసినోడికి పేరు లేదా? అమ్మానాన్న పేరు పెట్టలేదా?

చీటీల్లో క్రియాపదాలను కూడా గమనించండి. "వీరు అడవిలో నివసించేవారు", "వేటాడేవారు", "నృత్యం చేసేవారు." అన్నీ భూతకాలమే. మనం బతికే ఉన్నాం కదా! ఇక్కడ కూర్చున్నాం, బీఎడ్ చదువుతున్నాం, పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాం. మనల్ని అయిపోయిన కథలాగా రాస్తే, మన భూమి కూడా అయిపోయిన సంగతే అవుతుంది. బొమ్మకు పట్టా అడిగే నోరుండదు. మనకు ఉంది.

ఇప్పుడు అవ్వను ఎందుకు తీసుకుపోవాలో చెబుతాను. ఒక మ్యూజియంలో నేను కళ్లారా చూసిన సంగతి ఇది. చేపలు పట్టే వెదురు బుట్టను ఒక బల్ల మీద నిలబెట్టారు, పూలకుండీలాగా. కింద "బుట్ట" అని రాసి ఉంది. మాతో వచ్చిన ఒక పెద్దమ్మ దాని ముందు ఆగి నవ్వింది. "ఇట్ల నిలబెడితే ఇందులో చేప ఎట్ల పడతది బిడ్డా" అంది. తొలకరి వానకు చేపలు వాగులో ఎదురెక్కుతాయట. అందుకే బుట్ట మూతి కింది వైపుకు, వాలు వైపుకు పెట్టి పండబెట్టాలట. లోపలి పుల్లలు ఎందుకు లోపలికి వంగి ఉన్నాయో, ఏ వెదురు కొట్టాలో, ఎప్పుడు కొడితే పురుగు పట్టదో, అన్నీ చెప్పింది. అక్కడున్న గైడు మన పిల్లగాడే. ముందు మొహమాటపడ్డాడు. తర్వాత నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకున్నాడు. పోయేటప్పుడు "పెద్దమ్మా, మళ్లీ ఎప్పుడొస్తవ్" అని అడిగాడు. బడి మొహం చూడని ఆమె ఆ రోజు ఆ గదిలో మా అందరికీ పంతులమ్మ.

అందుకే చెబుతున్నాను, గొడవ పెట్టుకోవడానికి పోవద్దు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది మనవాళ్లే, తక్కువ జీతానికి దుమ్ము తుడుస్తున్నవాళ్లే. ఆ మ్యూజియాలే లేకపోతే మన పాత నగలు, ఇత్తడి బొమ్మలు ఎప్పుడో పట్నం దళారుల చేతికి పోయేవి. తప్పు కనబడితే కాగితం మీద రాసి ఇవ్వండి. "ఈ వస్తువు పేరు ఇది, వాడే విధానం ఇది, చెప్పినవాళ్లు ఫలానా ఊరి పెద్దలు" అని రాసి, కింద సంతకాలు పెట్టండి. సందర్శకుల పుస్తకంలో "చాలా బాగుంది" అని రాసి రాకండి.

కొన్ని వస్తువులను అసలు చూపెట్టొద్దని అడిగే హక్కు కూడా మనకుంది. గుస్సాడీ నెమలి టోపీకి పూజ చేయకుండా తల మీద పెట్టుకోరు. పెర్సాపేన్ వస్తువులను ఎప్పుడు బయటికి తీయాలో, ఎవరు ముట్టాలో నియమం ఉంది. 2024 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో ఒక వేలం సంస్థ నాగా పూర్వీకుడి పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగా ప్రజలు, వాళ్ల ముఖ్యమంత్రి గట్టిగా అడ్డుపడ్డారు. వేలం నుంచి దాన్ని తీసేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న పిట్ రివర్స్ మ్యూజియం 2020లోనే మనుషుల అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. అంత పెద్ద మ్యూజియమే మనలాంటోళ్ల మాట వినాల్సి వచ్చింది. మన జిల్లాలో ఉన్న మ్యూజియం వినదా?

మంచి దారులు కూడా ఉన్నాయి. భోపాల్‌లోని మానవ సంగ్రహాలయంలో ఆరుబయట ఆదివాసీ ఇండ్లున్నాయి. ఏ తెగ ఇంటిని ఆ తెగవాళ్లే వచ్చి కట్టారు. గుజరాత్‌లో తేజ్‌గఢ్ అనే చిన్న ఊర్లో ఆదివాసీ అకాడమీ ఉంది, అందులో "వాచా" అనే మ్యూజియం ఉంది. వాచా అంటే మాట. ఆదివాసీ గొంతుకు పెట్టిన మ్యూజియం అది. ఊర్లోనే మ్యూజియం పెట్టుకోవచ్చని అది చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా సంస్కృతి ముచ్చటే అనుకోకండి. ఇది భూమి ముచ్చట కూడా.

2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చదవండి. హక్కు కోసం ఏమేమి సాక్ష్యాలు చూపవచ్చో అందులో ఉంది. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు సాక్ష్యం. పెద్దల మాటను కాగితం మీద రాస్తే అది సాక్ష్యం. సామూహిక అటవీ వనరుల హక్కుకైతే దుంపలు, పండ్లు ఏరుకునే చోట్లు, పశువులు మేపే చోట్లు, చేపలు పట్టే చోట్లు, దేవుడి చెట్లు, కుంటలు కూడా సాక్ష్యమే. ఇప్పుడు ఆ చేపల బుట్టను మళ్లీ గుర్తుతెచ్చుకోండి. మ్యూజియంలో అది ఉత్త "బుట్ట." మన గ్రామసభలో మాత్రం, ఏ వాగులో ఎన్ని తరాలుగా ఎవరు పెట్టారో పెద్దమ్మ చెబితే, మనం రాసి సంతకం పెట్టిస్తే, అది ఆ వాగు మీద మన హక్కుకు ఆధారం. 1996 పెసా చట్టం కూడా ఊరి ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని చెబుతుంది. మ్యూజియం శాఖకు కాదు, గ్రామసభకు.

అందుకే రెండో పని చెబుతున్నాను. ఒక మ్యూజియం చూసొచ్చినంక, మన ఊర్లో ఒక గది చూడండి. మూతపడ్డ బడి గది, పటేల్ ఇంటి వసారా, ఏదైనా సరే. వస్తువులన్నీ తెచ్చి అక్కడ పడేయమని కాదు. వాడే వస్తువు ఇంట్లోనే ఉండాలి. గదిలో పెట్టాల్సింది ఒక రిజిస్టర్. ఒక్కో పేజీకి ఒక్కో వస్తువు. గోండిలో, కోయలో, కువిలో, సవరలో దాని పేరు, చేసినవాళ్ల పేరు, గోత్రం, ఏ చెట్టు కర్ర, ఏ నెలలో వాడతారు. ఫోన్‌లో పెద్దల మాట రికార్డ్ చేయండి, వాళ్లను అడిగి, వాళ్ల భాషలోనే. ఇది బయటికి చెప్పొద్దు అంటే అక్కడే ఆపేయండి. గోండివాళ్లకు ఇంకో ఆసరా కూడా ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన లిపిలో ఆ చీటీ రాయడానికి ఇప్పుడు అడ్డం ఏముంది? నేర్చుకోకపోవడం తప్ప.

తొందర ఎందుకంటే, పెద్దలు ఆగరు. ఒక్కో చలికాలం ఒకరిద్దరిని తీసుకుపోతుంది. వాళ్లతోపాటు వాగు పేరు పోతుంది, గట్టు పేరు పోతుంది, రేపు ఆర్డీవో ముందు నిలబడి చెప్పాల్సిన మాట పోతుంది.

కాబట్టి వచ్చే ఆదివారం నలుగురైదుగురు కలవండి. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, ఛార్జింగ్ నిండుగా ఉన్న ఫోన్ పట్టుకోండి. సద్ది కట్టుకోండి. అవ్వనో తాతనో బతిమాలి బస్సెక్కించండి, కిటికీ సీటు వాళ్లకే ఇవ్వండి. లోపలికి పోయినంక మీరు ముందు నడవకండి, వాళ్లను నడవనివ్వండి. ఏ వస్తువు ముందు వాళ్లు ఆగుతారో అక్కడ ఆగండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. రాసింది గ్రామసభలో చదవండి.

జల్, జంగిల్, జమీన్ మనవి. వాటి పేర్లు కూడా మనవే.

జోహార్. జై సేవా.