పారేసే ముందు అడగాల్సింది

యువతీ యువకులారా, కళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందుగా మా హాస్టల్లో మేము చేసిన ఒక తప్పు చెప్తాం.

నిరుడు తనిఖీ ఉందని తెలిసి వార్డెన్, వంటవాళ్లు, వాచ్‌మన్ అందరం కలిసి ఆవరణ శుభ్రం చేశాం. పంపు షెడ్డు వెనక తుక్కు కుప్ప కనిపించింది. తుప్పు పట్టిన సైకిల్ హ్యాండిల్, చిరిగిన ట్యూబు, సొట్ట పడ్డ పళ్లేలు, తీగకు గుచ్చిన సీసా మూతలు. అన్నీ ట్రాక్టర్‌లో వేయించేశాం. సాయంత్రం బడి నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు అక్కడ నిలబడి ఏడ్చారు.

అది మన కొమ్ము నృత్యం చేసే మనిషి బొమ్మ. హ్యాండిల్ అడవిదున్న కొమ్ములు. పళ్లెం డోలు. మూతలు ఒంటిమీద బట్ట. "ఆ మూతలన్నీ మా ఊరి బెల్టు షాపు ముందు ఏరినవే మేడమ్. ఒక్క దసరా సెలవుల్లో అన్ని దొరికాయి" అంది ఒక పిల్ల. మాకు నోట మాట రాలేదు.

తర్వాత మేమూ కొంత చదివాం. 1942లో పారిస్‌లో పికాసో పాత సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు. సీటు ముఖం, హ్యాండిల్ కొమ్ములు. అంతే. మన పిల్లలు దాన్ని ఎన్నడూ చూడలేదు. హ్యాండిల్‌లో కొమ్ములు వాళ్ల కంటికి వాళ్లకే కనిపించాయి. ఆయన బొమ్మ మ్యూజియంలో ఉంది, మన పిల్లల బొమ్మ ట్రాక్టర్ ఎక్కింది.

ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. ఎల్ అనాత్సుయి 1944లో ఘనాలో పుట్టారు. నైజీరియాలోని న్సూకా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి శిల్పకళ నేర్పిన మాస్టారు. 1998 ప్రాంతంలో ఆయనకు పొదల్లో ఒక సంచి నిండా మద్యం సీసాల మూతలు దొరికాయి. వాటిని సాగగొట్టి, మడిచి, బెజ్జాలు పెట్టి, రాగి తీగతో వేలకు వేలు కలిపి గోడంత దుప్పట్లు చేశారు. దూరం నుంచి చూస్తే బంగారు నేత. దగ్గరికి వెళ్తే సారా కంపెనీల పేర్లు. ఒకనాడు ఐరోపా వర్తకులు ఆఫ్రికాకు మద్యం తెచ్చి బేరాలు చేశారు. బానిసల వ్యాపారంలోనూ అదొక సరుకు. ఆ చరిత్ర ఆ మూతల్లోనే ఉంది. ఊరి కుర్రాళ్లు ఎందరో ఆయన దగ్గర కూర్చుని ఆ మూతలు కుట్టారు. 2015లో వెనిస్ బియెన్నాలేలో ఆయనకు జీవితకాల గౌరవంగా బంగారు సింహం ఇచ్చారు.

మన పిల్లలు చేసిందీ ఆ దారిలోదే. ఇప్పపువ్వు సారా మన పండగల్లో, పెద్దల పూజల్లో ఉన్నదే. సీసా మాత్రం బయటి నుంచి వచ్చింది. అది మన ఇళ్లలో ఏం చేసిందో ఉపన్యాసాల్లో చాలాసార్లు చెప్పాం. ఆ నలుగురూ ఒక్క మాట లేకుండా చెప్పారు. మేము దాన్ని ఊడ్చేశాం.

అందుకే మీకు చెప్పేది ఇది. చెత్తతో అందమైన బొమ్మ చేస్తే బహుమతి వస్తుంది, సంతోషమే. కానీ ఆ వస్తువు ఎక్కడిది, ఎవరు వాడారు, ఎందుకు పారేశారు అని కూడా అడగండి. రంగు పూసి దాని పుట్టుక దాచకండి. పదునైన అంచులు ఆకురాయితో రుద్దండి, తుప్పు గీసుకుంటే టీటీ వేయించుకోండి, పాత బ్యాటరీలు, సూదులు ముట్టుకోకండి. చేసినదానికి మీ పేరు, ఊరు, సంవత్సరం రాసి కట్టండి. చీటీ ఉంటే మా లాంటి వాళ్లు చెయ్యి వేసే ముందు ఒకసారి ఆగుతారు.

ఆ నలుగురికీ క్షమాపణ చెప్పాం. ఇప్పుడు పదో తరగతి. పంపు షెడ్డు తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. మళ్లీ మూతలు ఏరుతున్నారు, దొరకడానికి కష్టమేమీ లేదు. ఈసారి తనిఖీకి ఎవరు వచ్చినా ముందు ఆ షెడ్డుకే తీసుకెళ్తాం.

జై ఆదివాసీ.