చలికి మసకబారే కళ్లు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "పది నిమిషాలే, అదీ ఆరోగ్యం మీద" అన్నారు. నేను డాక్టర్ని కాను. శ్రీహరికోటలో ఉన్నన్నాళ్లూ నా పని చలితో. బయట రోహిణి కార్తె ఎండ, గొట్టాల్లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని. 2001 ఏప్రిల్‌లో తొలి జి.ఎస్.ఎల్.వి.కి మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ నింపిన రోజులు మీలో చాలామందికి గుర్తే. అందుకేనేమో, చలి గురించిన వార్త ఎక్కడ కనబడినా వదలను.

శీతనిద్ర సంగతి మీకు తెలుసు. మన పులికాట్ ఒడ్డున జంతువులకు ఆ అవసరం లేదు. లడఖ్‌లో మార్మోట్ అనే జంతువు చలికాలమంతా బొరియలో నిద్రపోతుంది. అమెరికాలో నేలమీద తిరిగే ఉడుత ఒకటుంది. మన ఉడుతకు రాముడు మూడు గీతలే గీశాడు, దానికి పదమూడు! నిద్రలో దాని ఒళ్లు దాదాపు 4 డిగ్రీలకు చల్లబడుతుంది. అంటే ఫ్రిజ్‌లో పెట్టిన పాలప్యాకెట్టంత. మరి దాని కళ్లు ఏమవుతాయి?

కంటి కటకానికి రక్తనాళాలు లేవు. లోపలుండేది చిక్కటి ప్రోటీను. నడిమధ్యనున్నది మనం పుట్టినప్పటిదే, మార్చడం ఉండదు. ఆ ప్రోటీను సర్దుకుని ఉన్నంతకాలం వెలుతురు దూరిపోతుంది. ముద్దకడితే శుక్లం. చేపల పులుసులో చేప కన్ను తెల్లటి గోళీలా అవుతుందే, అది వేడికి ప్రోటీను గట్టిపడడం. ఉడికిన గుడ్డులాంటిది, మళ్లీ వెనక్కి రాదు. చలికీ కటకం తెల్లబడుతుంది. లేగదూడ కటకాన్ని చల్లబరిస్తే మసకబారి, వేడిచేస్తే తేటపడుతుందని చాలాకాలంగా తెలుసు. ధనుర్మాసంలో కొబ్బరినూనె గడ్డకట్టి, ఎండలో పెడితే కరిగినట్టు. అంటార్కిటికా సముద్రంలో ఒక చేప ఉంది, మైనస్ 2 డిగ్రీల నీళ్లలో బతుకుతుంది, దాని కటకం అసలు మసకే బారదు.

ఉడుత దారి వేరు. 2024లో అమెరికా జాతీయ నేత్ర సంస్థవారు, చైనా శాస్త్రవేత్తలు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. చలిలో ఉడుత కటకం మసకబారింది, వెచ్చబడగానే తేటపడింది. ఎలుక కటకం కూడా చలికి మసకబారింది గాని, వెచ్చబడ్డా తేటపడలేదు. తేడా ఎక్కడని వెతికితే ఆర్.ఎన్.ఎఫ్.114 అనే ప్రోటీను తేలింది. చెడిపోయిన ప్రోటీన్లను గుర్తించి, కణంలోని చెత్తకుండీకి పంపడంలో దానిది చేయి. ఆ ప్రోటీనును అందిస్తే ఎలుక కటకంలోనూ మసక తగ్గింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఈ వార్త మా అల్లుడు ఫోనులో పంపాడు. అప్పటికే డాక్టరుగారు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమన్నారు. నేను మాత్రం "ఇంకో ఏడాదిలో చుక్కల మందు వచ్చేస్తుంది, కత్తి ఎందుకు" అని వాయిదా వేశాను. ఎలుకల మీద చేసిన పనికీ మన మెడికల్ షాపుకీ మధ్య ఎన్నేళ్లు పడుతుందో, జీవితమంతా ప్రయోగాల మధ్య గడిపిన నాకే తట్టలేదు.

జనవరి నెలలో సాయంత్రం ఫ్లెమింగోలను చూద్దామని, మా ఆవిడను స్కూటర్ మీద అటకానితిప్పకు తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. రోడ్డు మీద గేదె పడుకుని ఉంది. ఎదురు లారీ లైట్ల వెలుగు నా కంట్లో పొగమంచులా పరుచుకుంది. "ఏమండీ, గేదె!" అని ఆవిడ అరిచేదాకా నాకు కనపడలేదు. పక్కకు తిప్పాను, ఇద్దరం పడ్డాం. నాకు గీతలే. ఆవిడ కుడిచేతి మణికట్టు విరిగింది.

కట్టు విప్పకముందే ఆవిడే నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఒక్కో కంటికి అరగంట కూడా పట్టలేదు. ఇప్పటికి శుక్లానికి ఉన్న వైద్యం అదే: మసకబారిన కటకం తీసి, కృత్రిమ కటకం పెట్టడం. చుక్కల మందు పేరుతో ఎవరైనా అమ్మజూపితే, మీ కంటి డాక్టరుకు చూపించకుండా వేసుకోకండి.

ఇంటికొచ్చి చూస్తే గోడలు తెల్లగా ఉన్నాయి. ఇన్నేళ్లూ లేత పసుపు రంగు వేయించాననే అనుకున్నాను. ఆవిడ ఇదుగో, రెండో వరుసలో కూర్చుంది. ఆ చేయి ఇంకా పూర్తిగా వంగదు.