కట్లపాము కాటు – నర్సు కావలి

మహానందికి పోయివచ్చినవారికి మొదట కోనేటి నీరు జ్ఞప్తికి వచ్చును. అడుగున పడిన నాణెము సయితము పైకి కనిపించునంత తేటనీరు. ఆ నీటి చలువవలననే చుట్టును అరటితోటలు, వరిమళ్లు, వెనుక నల్లమల. కరవుసీమలో ఇంత పచ్చదనమున్న చోట కప్పలును ఎలుకలును చేరును, వాని వెంబడి పాములును వచ్చును. తోటకు కావలియున్నవారు, శివరాత్రి తిరునాళ్లకు వచ్చిన యాత్రికులు నేలపైననే పండుకొందురు. రాత్రివేళ సంచరించు కట్లపాము వచ్చు దారియు అదియే.

ఈ పాము కాటునకు వాపు ఉండదు, నొప్పియు అంతంతమాత్రమే. నిద్రలో చీమ కుట్టినదనుకొని మరల పండుకొన్నవారు గలరు. తెల్లవారుజామున కడుపునొప్పియు వాంతియు మొదలగును. పిదప కనురెప్పలు వ్రాలును, మాట ముద్దగును, గుటక పడదు. తుదకు ఊపిరి తీయు కండరములు సయితము చచ్చుబడును. ఇట్టి రోగిని నంద్యాలకో, అక్కడినుండి సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్న కర్నూలునకో చేర్చిన పిమ్మట, తీవ్రచికిత్సా విభాగములోని నర్సు చూపుమీద చాల భారము నిలిచియుండును. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ సోదరీమణుల కొరకు. ఇండ్లలో ఉన్నవారికిని పనికివచ్చు మాటలు చివర కొన్ని చెప్పెదము.

రోగి మంచముమీదికి వచ్చినది మొదలు నాలుగు సంగతులు అడుగుచుండవలెను. పైకి చూడుమని చెప్పి రెప్పలు ఎంతవరకు లేచునో గమనింపవలెను. నాలుకను పండ్లు దాటించి చాపుమనవలెను. దిండుమీదినుండి తల ఎత్తుమనవలెను. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో వినవలెను. అంతకుముందు 25 వరకు చెప్పినవాడు పావుగంటకు 18, మరి పావుగంటకు 12 అన్నచో ఇక మాటలతో పనిలేదు, వైద్యుని పిలువవలసినదే. ప్రతిసారియు గడియారము చూచి వ్రాసికొనవలెను, జ్ఞాపకము చాలదు. యంత్రముమీద ప్రాణవాయువు అంకె చక్కగా ఉన్నదిగదా యని ఊరకుండుట పెద్ద పొరపాటు. ఊపిరి బలము సన్నగిల్లినను ఆ అంకె చాలసేపటివరకు పడిపోదు. గొంతులో ఉమ్మి నిలిచి గురగురలాడుచున్న రోగికి మంచినీరుకూడ ఇయ్యరాదు. ప్రక్కకు త్రిప్పి, గొట్టముతో ఉమ్మిని లాగివేయవలెను.

విషపు విరుగుడు మందును గుఱ్ఱపు రక్తమునుండి తయారుచేయుదురు. సాధారణముగా తొలివిడతలో 10 సీసాలు సుమారు గంటలో ఎక్కింతురు. పిల్లలకును అదే మోతాదు. పాము పసివానిని చూచి విషము తగ్గించి వేయదు కదా! ఆ మందు ఎక్కుచున్నంతసేపు నర్సు మంచము విడిచి పోరాదు. దురద, దద్దుర్లు, దగ్గు, వాంతి, రక్తపుపోటు తగ్గుట – వీనిలో ఏది కనిపించినను మందును ఆపి, వైద్యుని ఆదేశము ప్రకారము ముందుగనే తీసియుంచిన అడ్రినలినును తొడ వెలుపలి కండరమునకు ఈయవలెను. పెద్దలకు అది అర మిల్లీగ్రాము. కాలికి బిగించి కట్టిన త్రాటితో వచ్చిన రోగికి, విరుగుడు మందు సిద్ధము కాకముందే కట్టు ఒక్కసారిగా విప్పరాదు.

ఇచ్చట ఒక కఠినసత్యము కలదు. కట్లపాము విషము నరముల కొసలను పాడుచేసిన పిమ్మట, ఎన్ని సీసాలు ఎక్కించినను ఆ చచ్చుదనము వెంటనే పోదు. నరము తనకు తాను కోలుకొనవలసినదే; దానికి దినములు పట్టును. అంతవరకు ఊపిరి తీసిపెట్టువారుండిన రోగి బ్రదుకును. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో చెలరేగి ఊపిరి కండరములు పడిపోయినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు రోగుల గొంతులో గొట్టము పెట్టించి, వైద్యవిద్యార్థులచేత వంతులవారీగా రబ్బరు సంచులు నొక్కించి అనేకులను కాపాడెను. నేటి తీవ్రచికిత్సా విభాగములకు పుట్టుక అక్కడనే.

కావున వెంటిలేటరు హెచ్చరిక మ్రోగినప్పుడు మొదట చూడవలసినది రోగినేగాని యంత్రమును కాదు. ఎద లేచుచున్నదా? గొట్టము ఊడెనా, కఫముతో పూడెనా? కారణము తక్షణమే తెలియకున్న, యంత్రమును తప్పించి చేతిసంచితో ఊపిరి ఇచ్చుచు సాయము పిలువవలెను. మంచము తలవైపు 30 డిగ్రీలకు తగ్గకుండ ఎత్తియుంచుట, నోరు శుభ్రపరచుట, రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట మామూలు పనులే. అయినను వీనిని ఏమరినచోట న్యుమోనియాయు పుండ్లును చేరును. రెప్ప వేయలేని కన్ను ఎండిపోవును గనుక కంటికి లేపనము వ్రాసి మూసియుంచవలెను.

ఆ మూసిన కన్నుల వెనుక మనిషి మేలుకొనియుండును. ఈ మాట మేము మరల మరల చెప్పదలచితిమి. ఇట్టి రోగి వ్రేలు కదల్పలేడు, కంటిపాప వెలుతురునకు చలింపకపోవచ్చును. అంతమాత్రమున మెదడు పోయినదని తలంపరాదు. విషము కంటిపాపనుకూడ బంధించును. మేమొక ఆసుపత్రి చూడబోయినప్పుడు, కోలుకొన్న రైతొకడు, తన మంచము ప్రక్కన నిలిచి “ఇంక లాభము లేదు” అన్నవారి గొంతు తనకు తెలియునని చెప్పినాడు. పేరు చెప్పలేదు, మేమును అడుగలేదు. అదే వార్డులో వయసు మళ్లిన నర్సమ్మ ఒకామె సూది వేయుటకు ముందు, “నాయనా, తెల్లవారినది, ఇది నీ ఎడమచేయి, కొంచెము నొప్పి పుట్టును” అని చెప్పి మరీ వేయుచుండెను. నిద్రమందు, నొప్పిమందు వైద్యుడు వ్రాసినవి వేళకు ఇచ్చుటయు ఈ కారణముననే ముఖ్యము.

రక్తపింజరి కాటు దారి వేరు. అక్కడ రక్తము గడ్డకట్టదు. శుభ్రమైన పొడి గాజుగొట్టములో 2 మిల్లీలీటర్ల రక్తము పోసి 20 నిమిషములు కదల్పక ఉంచి, ఒక్కసారి వంచి చూతురు. ప్లాస్టిక్కు గొట్టము పనికిరాదు. సబ్బుపొడితో కడిగిన గాజుగొట్టమును అంతే. కండరములకు సూదిమందులు తప్పించి, గంటగంటకు మూత్రము కొలువవలెను.

ఇక ఇంటివారు. పాముకాట్లవలన మన దేశమున 2000 నుండి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది మరణించిరని 2020లో పరిశోధకులు అంచనా కట్టిరి. కోయుట, పీల్చుట, బిగించి కట్టుట మాని, కరచిన కాలును బద్దతో కదలకుండ చేసి 108 బండిని పిలువుడు. కాటు వేళయు, మాట ముద్దయైన వేళయు గుర్తుంచుకొని నర్సుకు చెప్పుడు. నాటుమందు త్రాగించియుండిన దాచకుడు. ఆమె మిమ్ము కోపపడినను పడనిండు.

రెప్పలు లేచి, తల దిండునుండి ఎత్తి 5 సెకనులు నిలుపగలిగిననాడు గొట్టము తీయుట గూర్చి వైద్యుడు ఆలోచించును. నర్సు మరల ఒకటి, రెండు లెక్కపెట్టించును. ఇంటికి పోవునాడు ఆ రైతుకు మంచము కొనుమని చెప్పిరట. “తోటలో మంచమెక్కడిదమ్మా?” అన్నాడట. అట్లయిన దోమతెర కట్టుకొని, దాని అంచులు నాలుగువైపుల చాపక్రిందికి మడువుమని నర్సమ్మ చెప్పి పంపినది.