రాజేశ్వరి, ఏకవీర, అరుణ: ముగ్గురి పిచ్చి, మూడు దారులు

పర్చూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మూడు తెలుగు నవలలు, వాటిలో ముగ్గురు ఆడవాళ్ళు. ముగ్గురికీ ఒక్కొక్క పిచ్చి పట్టుకుంది. లోకం ఏమనుకున్నా అది వాళ్ళని వదల్లేదు.

మా వైపు ఆడమనిషి మొగుణ్ణి వదిలి ఇంకొకడితో వెళితే ‘లేచిపోయింది’ అంటారు. మిరపచేలో కాయలు కోసేటప్పుడూ అదే మాట, టీకొట్టు దగ్గరా అదే మాట. మగవాడు మాత్రం ఎప్పుడూ లేచిపోడు, చూశారా! చలం 1927లో రాసిన ‘మైదానం’లో రాజేశ్వరి మొదట్లోనే ఈ మాటని పట్టుకుంటుంది. అది తనకి బాధగా ఉంటుందంటుంది. ఆవిడ ప్లీడరు గారి భార్య. అమీర్‌తో వెళ్ళిపోయి ఊరికి దూరంగా, మైదానంలో గుడిసె వేసుకుని ఉంటుంది. కథంతా తనే చెబుతుంది, ఎక్కడా క్షమించమని అడగదు. ఆ కాలానికి అది పెద్ద దెబ్బ.

కానీ నాకో పేచీ ఉంది. మొగుడి ఇంట్లో లేని స్వేచ్ఛ మైదానంలో దొరికిందా? అమీర్ బిడ్డ వద్దంటే కడుపు తీయించుకుంటుంది. అతను ఇంకో పిల్ల మీద మనసు పడితే, దానికీ తనే సాయం చేస్తుంది. గడప దాటింది గానీ, మగవాడి ఇష్టమే తన ఇష్టం అనుకోవడం దాటలేదు. చలాన్ని మెచ్చుకునేవాళ్ళు ఈ మాటకి కోప్పడతారు. కోప్పడనివ్వండి.

ఇంచుమించు అదే కాలంలో విశ్వనాథ ‘ఏకవీర’ రాశారు. కథ జరిగేది మధురలో. ఏకవీర ఒకరిని ప్రేమించింది, పెళ్ళి అతని స్నేహితుడితో అయింది. ఈవిడ ఎక్కడికీ పోదు. అంతా లోపలే పెట్టుకుంటుంది. చివరికి ప్రాణం పోతుంది. రాజేశ్వరి హద్దు దాటింది, ఏకవీర హద్దులోనే మాడిపోయింది. ఇద్దరి పిచ్చీ మగవాడి చుట్టూనే.

ఇక్కడ ఓల్గా గారు గుర్తుకొస్తారు, మన గుంటూరు ఆవిడే. 1987లో వచ్చిన ‘స్వేచ్ఛ’లో అరుణ ప్రేమించే పెళ్ళి చేసుకుంటుంది. పుట్టింట్లో దొరకని గాలి అక్కడ దొరుకుతుందనుకుంటుంది. దొరకదు. చివరికి ఇల్లు వదిలేస్తుంది, ఇంకో మగవాడి కోసం కాదు, తన పని కోసం. ఇటలీలో సిబిల్లా అలెరామో 1906లోనే ‘ఉనా డొన్నా’ అని నవల రాసింది, ‘ఒక స్త్రీ’ అని అర్థం. అందులో తల్లి కొడుకుని వదిలి వెళ్ళాల్సి వస్తుంది, ఎందుకంటే చట్టం బిడ్డ మీద హక్కు తండ్రికే ఇచ్చింది.

ప్రియుడి కోసం వెళ్ళిన రాజేశ్వరిని మనవాళ్ళు తిడుతూనే చదివారు. తొంభై ఏళ్ళు దాటినా చదువుతున్నారు. పని కోసం వెళ్ళిన అరుణ దగ్గరికి వచ్చేసరికి, ఆడవాళ్ళు కూడా “పిల్ల సంగతేంటి?” అని అడుగుతారు. రాజేశ్వరి భర్తకి అన్నం ఎవరు వండారని మాత్రం ఎవరూ అడగలేదు.